గాడిద మెడలో కాసు

ఉప్పమ్ముకునే పైడమ్మ దిష్టి తగలకుండా తన గాడిద మెడలో పాత రాగికాసు కట్టింది. చేతులు మారి మారి అరిగిపోయిన కాసది. కోట వాకిట సుంకాధికారి నరహరిరాయుడు దాన్ని ఎండకెత్తి చూశాడు.

"అపురూపమైన నాణెం! వెల నూరు వరహాలు. పదోవంతు సుంకం కట్టు, లేదా గాడిదను వదులుకో."

"ఇలాంటివి సంతలో బోలెడు బాబూ!"

"నాకంటే నీకు తెలుసా? నేను కట్టిందే వెల!"

భటుడు పగ్గం లాగాడు. గాడిద పోతే పైడమ్మకు పూట గడవదు. ఆమె చేతులు జోడించింది.

"తమరి మాటే ఖాయం బాబూ. కాసు తమరే ఉంచుకోండి. సుంకం పోగా తొంభై వరహాలు నాకిప్పించండి."

వెనకున్న బళ్లవాళ్లు "మాకూ తొంభై!" అంటూ గబగబా తమ ఎద్దుల మెడల్లోని కాసులు విప్పసాగారు.

"ఒట్టి రాగిముక్క, తీసుకుపో!" అని రాయుడు కాసు విసిరేశాడు.

పైడమ్మ దాన్ని మళ్లీ గాడిద మెడలోనే కట్టింది. "ఎంత పెద్ద దిష్టి తప్పిందే తల్లీ!"