మోకాలి లోతు నీళ్లు

కాకినాడలో తారకేశ్ అనే యువకుడు ఉండేవాడు. ఏ పనినైనా అంకెల్లో పెట్టి చిటికెలో తేల్చేసేవాడు గానీ, ఆ పని ఎవరి కోసం చేస్తున్నాడో వాళ్లని ఒక్క మాట అడిగే అలవాటు అతనికి లేదు.

చదువు పూర్తవగానే ఎవరి దగ్గరా ఉద్యోగంలో చేరకుండా, ఇళ్ల మీద సోలార్ పలకలు బిగించే వ్యాపారం సొంతంగా మొదలుపెట్టాడు. డాబా ఎక్కి ఒకసారి చుట్టూ చూసి, ఎన్ని పలకలు పడతాయో, ఎంత కరెంటు వస్తుందో మెట్లు దిగేలోపే చెప్పేసేవాడు. వ్యాపారం బాగానే సాగింది. మొదటి లాభం రాగానే వాళ్లమ్మకి పెద్ద ఫ్రిజ్ కొనితెచ్చాడు. ఆవిడకి ఎప్పటినుంచో కుట్టుమిషను మీద మనసు. ఆ మాట అంటే, "కుట్టుమిషను నీ ఒక్కదానికే పనికొస్తుందమ్మా, ఫ్రిజ్ అయితే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది" అన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది కాబట్టి ఆవిడ పాలగిన్నె తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది.

తారకేశ్ మేనమామ పేరు విశ్వపతి. ఆయన ఓడల్లో వైర్‌లెస్ ఆఫీసరుగా పనిచేసి వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఆయన ఓడ ఇంజను పాడై, నడిసముద్రంలో ఒక పగడపు దీవి దగ్గర లంగరు వేసింది. రేవులన్నీ చూసినవాడికి దీవి ఒక లెక్కా? కానీ ఆ మధ్యాహ్నం ఆయన దుర్భిణి పెట్టుకుని చూసినది మాత్రం మళ్లీ ఎక్కడా కనిపించలేదు. నీలం నీళ్లు దీవి దగ్గరకి వచ్చేసరికి పచ్చబడి, ఆ తర్వాత గాజులా పలచబడ్డాయి. ఆ పలచని నీళ్లలో చేపలు తల కిందికి పెట్టి ఇసకలో మేత వెతుక్కుంటున్నాయి. నీళ్లు చాలక వాటి తోకలు పైకి తేలి, ఎండలో తళుక్కుమంటున్నాయి. ఒక మనిషి మోకాలి లోతులో నిలబడి, పొడుగాటి దారాన్ని గాలిలో ముందుకీ వెనక్కీ ఊపుతూ వాటి ముందు ఈక ఒకటి వాలుస్తున్నాడు. విశ్వపతికి డ్యూటీ ఉంది. కిందికి దిగడానికి వీల్లేదు. సాయంత్రానికి ఇంజను బాగైంది, ఓడ కదిలిపోయింది.

అప్పటినుంచి ఆ తోకలు ఆయన్ని వదల్లేదు. రిటైరయ్యాక అలాంటి గాలం కర్ర ఒకటి తెప్పించుకున్నాడు. దానికి ఎర గుచ్చరు. పందెం కోళ్లు పెంచేవాళ్లని అడిగి మెడ ఈకలు తెచ్చుకుని, వాటిని దారంతో గాలానికి కట్టి, చిన్న రొయ్యలా కనిపించేట్టు చేసేవాడు. ఊరి చివర ఉప్పుమళ్ల గట్టు మీద నిలబడి దారం విసరడం సాధన చేసేవాడు. దారిన పోయేవాళ్లు, ఆఫీసరుగారు గాలిలో చేపలు పడుతున్నారని నవ్వుకునేవారు. తారకేశ్ ఆదివారాలు ఆయన వెంట వెళ్లి తనూ నేర్చుకున్నాడు. గట్టు పక్క కాలవలో చిన్నాచితకా చేపలు పడేవి. మేనమామ వాటిని వదిలేసి, "ఇది కాదురా" అనేవాడు. ఏది అని తారకేశ్ ఎప్పుడూ అడగలేదు. ఇంకా పెద్దది కావాలి కాబోలు అనుకున్నాడు.

ఇంతలో విశ్వపతి చూపు తగ్గడం మొదలైంది. కంటినరం ఎండిపోతోందని, వచ్చే వానాకాలం నాటికి చూపు నిలుస్తుందో లేదో చెప్పలేమని డాక్టరు అన్నాడు. నడినెత్తిన ఎండ ఉంటే ఆయనకి అన్నీ స్పష్టంగానే కనిపించేవి. పొద్దు వాలితే మాత్రం ఎదుటి మనిషి కూడా నీడలా ఉండేవాడు.

తారకేశ్‌కి మేనమామ అంటే ప్రాణం. ఆయన్ని, ఆయన అప్పుడప్పుడూ తలుచుకునే పగడపు దీవులకి తీసుకెళ్లాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు. అక్కడ చేపల వేటకి వచ్చేవాళ్ల కోసం లాడ్జీలు ఉంటాయి. అన్నీ వెతికి చూస్తే చివరికి రెండు మిగిలాయి. ఒకటి బయటి సముద్రం వైపు, రాతి అంచు మీద కట్టిన పెద్ద లాడ్జి. దాని ఫోటోల్లో మనుషులు మొయ్యలేనంత పెద్ద, పార అనే సముద్రపు చేపల్ని చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నారు. రెండోది దీవుల గుంపు అవతలి కొసన, లోపలి నీళ్ల వైపున్న తాటాకుల లాడ్జి. ఏసీ లేదు. అక్కడి చేప మోచేతంత.

ఎందుకైనా మంచిదని తారకేశ్ తాటాకుల లాడ్జికి ఫోన్ చేశాడు. దాన్ని నడిపే ఆవిడ, వచ్చేది ఎవరని అడిగింది. మా మేనమామ అన్నాడు.

"ఆయన చేపని పట్టాలనుకుంటున్నారా, చూడాలనుకుంటున్నారా?" అని అడిగింది.

తారకేశ్‌కి నవ్వొచ్చింది. "పట్టడానికే కదండీ ఎవరైనా వచ్చేది."

"అందరూ కాదు. చూడటానికైతే మా దగ్గరికి రండి, పెద్ద చేప కోసమైతే బయటి సముద్రం వైపు వెళ్లండి. ఒకసారి ఆయన్ని అడిగి చెప్పండి" అంది.

తారకేశ్ సరేనని ఫోన్ పెట్టేశాడు. సొంత లాడ్జికి వచ్చేవాణ్ణి వేరే లాడ్జికి పంపే మనిషికి వ్యాపారం ఏం తెలుసులే అనుకున్నాడు. చేప బరువు, గదుల సౌకర్యం, వచ్చినవాళ్లు ఇచ్చిన మార్కులు అన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. అన్నిట్లోనూ పెద్ద లాడ్జిదే పైచేయి. వెంటనే గది తీసుకున్నాడు.

విశ్వపతి భార్య సుభాషిణికి మాత్రం రహస్యంగా చెప్పాడు. ఆవిడ అంతా విని, "నాకు చెప్పడం కాదురా, ఆయన్ని అడిగావా?" అంది.

"ముందే చెప్పేస్తే సరదా ఏముంటుంది అత్తయ్యా?"

"సరదా ఆయనకా, నీకా?" అంది సుభాషిణి. తారకేశ్ నవ్వేసి టిక్కెట్ల పని మీద వెళ్లిపోయాడు.

ప్రయాణం సంగతి తెలియగానే విశ్వపతి మేనల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు, అక్కడ నీళ్లు పలచగా ఉంటాయా అని. అక్కడున్నన్ని నీళ్లు ఇంకెక్కడా ఉండవని తారకేశ్ హుషారుగా చెప్పాడు. ఆయనకి ఆ మాట చాలింది. సుభాషిణి సంచులు సర్దుతుంటే పక్కనే కూర్చుని, తన ఈకల డబ్బా తెరిచి ఒక్కొక్క ఈకనీ వెలుతురుకి పెట్టి చూసుకున్నాడు.

పెద్ద లాడ్జిలో మొదటి పొద్దున విశ్వపతి పంట్లాం మోకాళ్ల పైదాకా మడుచుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని గదిలోంచి బయటికి వచ్చాడు. ముఖం పెళ్లికొడుకులా ఉంది. రేవులో పెద్ద మోటారు పడవ సిద్ధంగా ఉంది. ఇది మనల్ని నడిచే చోటికి తీసుకెళ్తుందా అని పడవవాణ్ణి అడిగాడు. ఇటువైపు నడిచే చోటు లేదని, అడుగు తీసి బయట పెడితే లోతేనని పడవవాడు చెప్పాడు. విశ్వపతి తల ఊపి, మడిచిన పంట్లాంతోనే పడవలో కూర్చున్నాడు.

కింద నీళ్లు సిరాలా చిక్కగా ఉన్నాయి. అలకి పడవ లేచి పడుతోంది. పడవవాడు ఇచ్చిన గాలం కర్ర బరువుగా ఉంది. అయినా ఆయన చెప్పినట్టల్లా విసిరాడు. మధ్యాహ్నం ఒక పెద్ద పార పడింది. దాన్ని పైకి తేవడానికి మామా అల్లుళ్లిద్దరూ కలిసి లాగాల్సి వచ్చింది. తారకేశ్ ఆనందానికి హద్దు లేదు. మేనమామ చేతుల్లో చేపని పెట్టి ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు. ఫోటోలో విశ్వపతి నవ్వాడు. ఫోటోల్లో అందరూ నవ్వినట్టే నవ్వాడు.

మర్నాడు ఆయన పంట్లాం మడుచుకోలేదు. తారకేశ్ అది గమనించలేదు. ఆ రోజూ, ఆ తర్వాతి రోజుల్లోనూ పెద్ద చేపలే పడ్డాయి. ఎలా ఉందని అడిగితే ఆయన బాగుందిరా అనేవాడు. చేపలు పడనప్పుడు పడవ అంచు మీదికి వంగి కిందికి చూస్తూ ఉండేవాడు. కింద చూడటానికి ఏమీ లేదు.

ఇంక రెండు రోజుల్లో తిరుగు ప్రయాణం అనగా, విశ్వపతి వరండాలో కూర్చుని భార్యతో ఫోన్ మాట్లాడుతున్నాడు. తారకేశ్ కాఫీలు తీసుకుని వస్తూ తలుపు దగ్గర ఆగిపోయాడు.

"లేదోయ్, కనపడలేదు. ఇక్కడంతా లోతు" అంటున్నాడు ఆయన. అవతల ఆవిడ ఏదో అంది. "వద్దు, వాడితో అనకు. ఎంత ప్రేమగా తీసుకొచ్చాడో నీకు తెలీదు. నాకు రాసిపెట్టి లేదు, అంతే."

తారకేశ్ కాఫీలు గడప మీదే పెట్టేశాడు. అతను వెళ్లి మేనమామ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక మనిషిని ఆ మాట అడిగాడు.

"మావయ్యా, నీకు ఏం కావాలి?"

ఏమీ వద్దురా అన్నాడు విశ్వపతి ముందు. తర్వాత దుర్భిణిలో చూసిన ఆ మధ్యాహ్నం గురించి మొత్తం చెప్పాడు. "చేప నాకెందుకురా? మోకాలి లోతు నీళ్లలో నిలబడాలి. అవి తోకలెత్తితే ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి. చూపు ఉండగా చూడాలి. అంతే" అన్నాడు.

ఇన్ని ఆదివారాలు పక్కన నిలబడి కూడా ఈ సంగతి తనకి తెలియదు. తారకేశ్ వెంటనే తాటాకుల లాడ్జికి ఫోన్ చేశాడు. ఆవిడ రమ్మంది. కానీ అది దీవుల గుంపుకి అవతలి కొసన ఉంది. మర్నాడు పొద్దున్నే పడవ దొరకలేదు. దొరికిన పడవ దారిలో రెండు దీవుల దగ్గర సరుకు దింపుకుంటూ వెళ్లింది. విశ్వపతి పంట్లాం మడుచుకుని మూటల మధ్య కూర్చున్నాడు. తారకేశ్ సూర్యుడి వంక చూడటం, వాచీ వంక చూడటం, అదే పనిగా పెట్టుకున్నాడు.

వాళ్లు చేరేసరికి పొద్దు వాలిపోయింది. లాడ్జి ఆవిడ ఒడ్డునే ఎదురుచూస్తోంది. ఈ వారం మొదట్లో నడిమధ్యాహ్నం ఎండలోనే ఆటు వచ్చి నీళ్లు తగ్గేవని, చేపల తోకలు గుమ్మం ముందు నుంచే కనిపించేవని, ఆటు రోజూ కొంచెం వెనకబడుతూ ఇవాళ పొద్దు వాలేదాకా వచ్చిందని చెప్పింది. నిష్ఠూరంగా చెప్పలేదు. ఉన్న సంగతి చెప్పింది. అది తారకేశ్‌కి ఇంకా బాధ కలిగించింది. మర్నాడు తెల్లవారుతూనే వాళ్ల ప్రయాణం.

మామా అల్లుళ్లు చేయీ చేయీ పట్టుకుని నీళ్లలోకి నడిచారు. కాళ్ల కింద ఇసక మెత్తగా ఉంది. మోకాళ్ల దాకా గోరువెచ్చని నీళ్లు. విశ్వపతి ఒక దగ్గర ఆగి, రెండు చేతులూ వదిలేసి నిలబడ్డాడు. సగం కోరిక తీరినవాడిలా ఊపిరి తీసుకున్నాడు.

కొంతసేపటికి నీళ్లు చిన్నగా కదిలాయి. వాలు వెలుతురులో ఒక తోక పైకి లేచింది. దాని పక్కన ఇంకొకటి. తర్వాత గుంపంతా.

"వచ్చాయిరా?" అన్నాడు విశ్వపతి. తారకేశ్ ఊపిరి బిగపట్టడం ఆయనకి వినిపించింది.

"వచ్చాయి మావయ్యా. నీ ముందే ఉన్నాయి."

ఆయన తల అటూ ఇటూ తిప్పాడు. కళ్లు చికిలించాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్లీ చూశాడు. నీళ్ల మీద వెలుతురు ఆయన కళ్లకి ఒకటే తెల్లని పరదాలా ఉంది.

"నా కంటికి ఆనట్లేదురా" అన్నాడు నెమ్మదిగా.

తారకేశ్ ఏడుపు ఆపుకోలేకపోయాడు. విశ్వపతి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఏడిస్తే నీకూ కనపడవు, చూసి నాకు చెప్పు అన్నాడు.

"ఒక ఇరవై, ఇరవై రెండు ఉంటాయి మావయ్యా. ఒక్కోటి మూరకి కొంచెం..."

"లెక్క ఎవడికి కావాలిరా? ఎలా ఉన్నాయో చెప్పు."

తారకేశ్‌కి అలాంటివి చెప్పడం అలవాటు లేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఈసారి లెక్కపెట్టకుండా చూశాడు. తోక అంచు సన్నగా, తడి తమలపాకు కొసలా ఉందన్నాడు. వెండిలా ఉందంటే వెండి కాదు, ఇప్పుడే తోమిన ఇత్తడి చెంబు మీద ఎండ పడ్డట్టు ఉందన్నాడు. ఒకటి మునిగితే ఇంకొకటి లేస్తోందని, తొందర ఏమీ లేకుండా ఒకదాని పక్కన ఒకటి మేస్తున్నాయని, చిన్నది ఒకటి గుంపు నుంచి విడిపోయి ఇటే వస్తోందని చెప్పాడు. విశ్వపతి కదలకుండా వింటున్నాడు. గాలం కర్ర చంకలోనే ఉంది. దాన్ని తీయలేదు. ఏదో ఆయన పిక్కకి రాసుకుంటూ పోయింది. అదేనా అన్నట్టు తల తిప్పాడు. అదే అన్నాడు తారకేశ్.

నీళ్లు తొడల దాకా ఎక్కేవరకూ ఇద్దరూ అక్కడే ఉన్నారు.

ఆ వానాకాలంలో విశ్వపతి చూపు పూర్తిగా పోయింది. ఆదివారాలు తారకేశ్ వచ్చి ఆయన పక్కన కూర్చునేవాడు. ఏం కావాలని ముందు అడిగేవాడు. ఒక్కోసారి ఆయనకి పేపరు చదవడం కావాలి, ఒక్కోసారి ఊరికే వీధిలో నాలుగడుగులు నడవడం కావాలి. ఒక్కోసారి మాత్రం ఆ దీవులున్న దక్షిణం వైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. ఆయనకి కావలసింది ఏదో తారకేశ్‌కి అప్పుడు తెలిసేది. అది ఇవ్వడం ఇంక తన చేతుల్లో లేదనీ తెలిసేది.

ఎవరి ఆశ తీర్చాలని బయలుదేరామో, ఆ ఆశ ఏమిటో ముందు వాళ్లనే అడగాలి. ఆలస్యంగా అడిగితే జవాబు దొరుకుతుంది గానీ, దాటిపోయిన సమయం దొరకదు.