ఏదులగుట్ట తెల్లకాకి

వెనకటికి పైడికోట అనే ఒకానొక రాజ్యం ఉండేది. రాజ్యమంటే మరీ పెద్దదేం కాదు. పొద్దున్నే గుర్రమెక్కి బయల్దేరితే మధ్యాహ్నం భోజనం పొరుగురాజ్యంలో చెయ్యవలసిందే. దాన్ని ఏలే రాజుగారి పేరు మాత్రం త్రిభువనరాయుడు.

త్రిభువనరాయుడు చెడ్డవాడు కాదు. ప్రజలను పీడించిన పాపాన పోలేదు. కాని పొగడ్తంటే ఆయనకు చెవులు నిక్కబొడుచుకునేవి. ఆ సంగతి కనిపెట్టి పక్కన చేరినవాడు నృసింహావధాని అనే ఆస్థాన పండితుడు. రాజుగారు తుమ్మితే దిగ్గజాలు ఉలిక్కిపడ్డాయనేవాడు. ఆవులిస్తే సముద్రాలు వెనక్కి తగ్గాయనేవాడు. రాజుగారు ప్రతి మాటా నమ్మేవాడు.

అదే కొలువులో మాచమాంబ అనే ఆవిడ ఉండేది. పెద్దరాజుగారి కాలం నుంచీ సభలో కథలు చెబుతూ వచ్చిన మనిషి. యాభై దాటాయి. నోట్లో ఎప్పుడూ తాంబూలం, మాటలో ఎప్పుడూ చమత్కారం. ఎవరి ముందైనా సరే తలెత్తి మాట్లాడేది. అందరూ ఆమెను మాచమ్మ అని పిలిచేవారు. అవధానికి మాత్రం ఆమె పేరెత్తితే గిట్టేది కాదు.

ఒకనాడు ఏదులగుట్ట అనే కొండ ఊరి పెద్ద దుగ్గన్న కొలువుకు వచ్చాడు. కొండతేనె కుండలు రాజుగారి ముందు పెట్టి, దండం పెట్టి, వెళ్ళబోతూ ఆగాడు.

"దొరా, మా గుట్టమీద ఒక వింత కనబడింది. ఇప్పచెట్టు మీద తెల్లకాకి ఉంది. సున్నం కొట్టినట్టు ఒళ్ళంతా తెలుపే."

సభంతా నవ్వింది. "కొంగను చూశావేమో!" అన్నాడు రాజుగారు.

"కొంగ కావుకావు మంటుందా దొరా?" అన్నాడు దుగ్గన్న.

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. అవధాని చప్పున లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు.

"ప్రభూ! ఇది వింత కాదు, తమ వైభవం! కీర్తి రంగు తెలుపని కవులందరూ ఒప్పుకున్నదే. ఇన్నాళ్ళూ తమ కీర్తి దిక్కులన్నిటినీ తెల్లబరిచింది. ఆకాశం నిండిపోయింది. ఇక చోటు చాలక కిందికి దిగివచ్చి కాకిని సైతం తెల్లబరిచింది! ఆ పక్షి కాకి కాదు, రెక్కలు తొడుక్కున్న తమ కీర్తి!"

రాజుగారి ఛాతీ ఉబ్బింది. అక్కడికక్కడే అవధానికి శాలువా కప్పించాడు. రాజ్యంలో ఎక్కడైనా తెల్లపిట్ట కనబడితే వచ్చి చెప్పినవారికి పట్టుపంచె ఇస్తానని చాటింపు వేయించాడు.

ఇంకేముంది! ఒకడు తెల్లగోరువంకను చూశానన్నాడు. ఒకడు వాగు ఒడ్డున తెల్లనెమలి పురివిప్పి ఆడిందన్నాడు. తెల్లపిచ్చుక తన చూరులోనే గూడు కట్టిందని ఒక నూనె గానుగాయన వచ్చాడు. చివరికి ఒకడు రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చి, చెరువులో తెల్లకొంగను చూశానని చెప్పాడు. రాజుగారు అతనికీ పట్టుపంచె ఇచ్చాడు.

"కొంగలన్నీ మీ తాతగారి నాటి నుంచే తెల్లగా ఉన్నాయి ప్రభూ" అంది మాచమ్మ. "తమ కీర్తి రాబోతోందని వాటికి అంత ముందుగా ఎలా తెలిసిందో!"

రాజుగారు వినబడనట్టు ఊరుకున్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. నాలుగు రోజులకు అవధాని కొత్త ఆలోచన తెచ్చాడు. ప్రభువుల కీర్తి చెట్టు కొమ్మల మీద ఉండడమేమిటి, బంగారు పంజరంలో సింహాసనం పక్కన ఉండాలన్నాడు. రాజుగారికి ఆ మాట తెగ నచ్చింది. ఏదులగుట్ట జనమంతా కదిలి తెల్లకాకిని ప్రాణాలతో పట్టితేవాలని ఆజ్ఞ వెళ్ళింది.

దుగ్గన్న మనుషులు చెట్టెక్కారు. ఎక్కినవాడినల్లా నల్లకాకుల గుంపు చుట్టుముట్టి నెత్తిమీద పొడిచింది. తలలకు గుడ్డలు కట్టుకుని ఎక్కితే చేతులమీద పొడిచింది. దుగ్గన్న కోటకు వచ్చి, "మా వల్ల కావడంలేదు దొరా, కాకులు దగ్గరికి రానివ్వడంలేదు" అని మొరపెట్టుకున్నాడు.

"అబద్ధం!" అన్నాడు అవధాని. "మహారాజుల కీర్తిని తన గుట్టమీదే దాచుకోవాలని చూస్తున్నాడు."

రాజుగారికి కోపం వచ్చింది. తెల్లకాకి కోటకు చేరేదాకా దుగ్గన్న చెరలోనే ఉండాలని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు దుగ్గన్న భార్య సింగి మాచమ్మ ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే కూలబడింది.

"అమ్మగారూ, మీరు చెబితే దొర వింటాడంటారు. మా ఆయన చెరలో ఉన్నాడు. ఊళ్ళో మగవాళ్ళంతా చెట్ల మీద ఉన్నారు. జొన్న పండి నిలబడింది. కోసేవాళ్ళు లేరు, తోలేవాళ్ళు లేరు, చిలకల మందలు వచ్చి కంకులు ఒలుచుకుపోతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఏడాదంతా మా పిల్లలకు పెట్టడానికి ఏముంటుంది?"

మాచమ్మ ఆమెను లేవదీసి మజ్జిగ ఇచ్చింది. "ఏడవకు సింగీ. ముందు నాకా కాకిని చూపించు" అంది.

ఇద్దరూ గుట్టెక్కారు. ఇప్పచెట్టు ఆకంతా రాల్చి ఉంది. కొమ్మల్లో ఉన్నదంతా స్పష్టంగా కనబడుతోంది. మాచమ్మ కాస్త దూరంగా ఒక బండమీద కూర్చుని చాలాసేపు పైకి చూసింది. చూసి చూసి ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"మీ ఆయన ఇంటికి వస్తాడు, నువ్వు వెళ్ళి కొడవళ్ళు నూరించుకో" అని సింగితో చెప్పి కొండ దిగింది.

ఆ మరునాడు నిండుకొలువులో మాచమ్మ అవధాని వైపు తిరిగింది.

"అవధానిగారూ, నాకొక సందేహం ఉంది. మీవంటి పెద్దలే తీర్చాలి."

ఆమె తనను పెద్దలనడం అదే మొదటిసారి. అవధాని మీసం సవరించుకున్నాడు. "అడుగు."

"తెల్లకాకి మహారాజుగారి కీర్తి అన్నారు. బాగుంది. మరి దాని చుట్టూ ఉన్న నల్లకాకులేమిటి?"

"ఆ మాత్రం తెలియదా? కీర్తి తెలుపైతే అపకీర్తి నలుపు. అవి శత్రురాజుల అపకీర్తులు! మన ప్రభువుల కీర్తిని చూసి ఓర్వలేక చుట్టూ మూగి అరుస్తున్నాయి."

"అన్ని కాకులూనా?"

"అన్నీ! నల్లగా ఉన్న ప్రతి కాకీ అపకీర్తే!"

"రేపు మళ్ళీ ఇంకో మాట అనరు కదా?"

"నా మాటను రాతిమీద చెక్కించుకో!"

మాచమ్మ రాజుగారికి నమస్కరించింది. "ప్రభూ, అవధానిగారి మాట విన్నాక నాకొకటి తోస్తోంది. కీర్తి తనంతట తాను రాజ్యానికి వస్తే, దాన్ని ఎవరిచేతనో బుట్టలో తెప్పించుకోవడం మర్యాదగా ఉండదు. తమరే ఎదురెళ్ళి దర్శనమివ్వాలి."

ఆ మాట రాజుగారికి తేనెలా ఉంది. వెంటనే ప్రయాణం కట్టించాడు.

మరునాడు పల్లకీలు, గుర్రాలు, బాజాలు, భటులు, అందరూ ఏదులగుట్ట ఎక్కారు. ఊరి జనం కూడా మూగారు. చెట్టు దగ్గర పడేసరికి మాచమ్మ చెయ్యెత్తింది. "బాజాలు ఆపించండి ప్రభూ, కీర్తి బెదిరిపోతుంది."

బాజాలు ఆగాయి. అందరూ దూరంగా నిలబడి తలలెత్తారు. చెట్టు కొనన పుల్లల గూడు, గూటి అంచున తెల్లకాకి! ఎండలో మెరిసిపోతోంది. త్రిభువనరాయుడు మైమరచి చూశాడు. నిజం చెప్పాలంటే ఆ అందం చూసి అందరూ ఒక్క క్షణం రెప్పవెయ్యడం మరిచారు.

అవధాని గొంతు సవరించుకుని రాత్రంతా కూర్చి తెచ్చిన పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదం అయింది. రెండో పాదం మధ్యలో ఎక్కడినుంచో ఒక నల్లకాకి తొండను కరుచుకుని వచ్చి గూటిమీద వాలింది.

తెల్లకాకి రెక్కలు టపటపలాడించి, ఎర్రటి నోరు బార్లా తెరిచి, ఆకలిగా అరిచింది. దాని పక్కనుంచి మరో రెండు నల్ల తలలు లేచి అవీ నోళ్ళు తెరిచాయి. నల్లకాకి తొండను తీసుకెళ్ళి నేరుగా తెల్లకాకి గొంతులో కుక్కింది.

పద్యం ఆగిపోయింది. బోయీలలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

"ఏమిటిది అవధానిగారూ?" అన్నాడు రాజుగారు.

అవధాని తక్కువవాడు కాదు. ఒక్క ఊపిరి తీసుకుని అందుకున్నాడు. "చూశారా ప్రభూ! శత్రువుల అపకీర్తి దాసి అయిపోయి తమ కీర్తికి ఊడిగం చేస్తోంది! దగ్గరుండి తినిపిస్తోంది!"

"భేష్!" అన్నాడు రాజుగారు. అవధాని మాచమ్మ వైపు గెలిచినట్టు చూశాడు.

మాచమ్మ తల ఊపింది. "చాలా బాగుంది. మరి ఆ నల్లపిల్లలో?"

"అవీ శత్రువుల అపకీర్తులే. చిన్న చిన్న శత్రువులవి."

ఆ లోగానే తల్లికాకి ఎగిరిపోయి, మరేదో పట్టుకొచ్చి, ఈసారి నల్లపిల్లల నోళ్ళలో పెట్టింది. తర్వాత మూడింటి తలలూ ముక్కుతో సవరించి, మూడింటినీ రెక్కలతో కప్పి కూర్చుంది.

"దాసి అందరినీ ఒకేలా చూసుకుంటోందే!" అంది మాచమ్మ. "అవధానిగారూ, తొందరలేదు, బాగా చూసి చెప్పండి. ఒకే గూడు. ఒకే తల్లి. తెల్లదాన్నీ, నల్లవాటినీ పొదిగింది ఆ రెక్కల కిందే. ఆ తల్లేమో నలుపు. నల్లగా ఉన్న ప్రతి కాకీ అపకీర్తేనని నిండుకొలువులో మీరే అన్నారు. అంటే మన మహారాజుగారి కీర్తి అపకీర్తి కడుపున పుట్టిందన్నమాట! ఇంతమంది జనాన్ని పిలిచి, బాజాలు వాయించి మరీ ఎంత మాటన్నారండీ!"

 రాజుగారు మెల్లగా అవధాని వైపు తిరిగాడు. ఆయన ముఖం జేవురించింది.

"శివశివా! నేనలా అనలేదు ప్రభూ!"

"మరెలా అన్నారు?" అంది మాచమ్మ. "పోనీ, ఆ తల్లికాకి అపకీర్తి కాదా?"

"కాదు, కాదు! అది కాకి! ఉత్త కాకి!"

"మరి దాని పిల్ల?"

"కాకిపిల్ల!" అవధాని గొంతు చించుకుని అరిచాడు. "కాకి కడుపున కాకిపిల్ల కాక ఇంకేం పుడుతుంది! వట్టి కాకిపిల్ల ప్రభూ, రంగు తప్పి పుట్టింది, అంతే!"

"అమ్మయ్య!" అని మాచమ్మ చేతులు జోడించింది. "విన్నారుగా ప్రభూ. తమ పండితులవారే తేల్చారు. ఈ వట్టి కాకిపిల్లను పట్టివ్వలేదని దుగ్గన్న చెరలో ఉన్నాడు. ఇదుగో, వీళ్ళ జొన్న చేలల్లో చిలకలు విందు చేసుకుంటున్నాయి."

రాజుగారు కొండ కింద వంగిన జొన్నచేలను చూశాడు. కోత కోయకుండా తన బాజాలకోసం నిలబడ్డ జనాన్ని చూశాడు. మళ్ళీ తలెత్తి చెట్టును చూశాడు. తెల్లకాకి తల్లి రెక్క కిందినుంచి మెడ చాచి ఆయనకేసే చూస్తోంది. తొండ పూర్తిగా దిగలేదు. దాని తోక ఇంకా ముక్కు పక్కన వేలాడుతోంది.

త్రిభువనరాయుడి పెదవి వణికింది. భుజాలు కదిలాయి.

"మాచమ్మా!" అన్నాడు చివరికి. "నా కీర్తి నోట్లోంచి తొండ తోక వేలాడుతోంది చూశావా!"

అంటూనే విరగబడి నవ్వాడు. తలపాగా జారి కిందపడినా ఆపలేదు. రాజుగారు నవ్వాక భటులూ, బోయీలూ, ఊరి జనమూ ఎందుకాగుతారు? గుట్టంతా నవ్వులతో మారుమోగింది. కాకులు కూడా లేచి కావుకావుమన్నాయి.

నవ్వు తగ్గాక రాజుగారు కళ్ళు తుడుచుకుని, "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"దుగ్గన్న ఈ పూటే ఇల్లు చేరాలి. ఆ పిల్లలు ఎగిరి వెళ్ళేదాకా ఈ చెట్టుమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. అంతే ప్రభూ."

"అవి నేను ఎలాగూ చెయ్యవలసిన పనులు. బహుమానం ఎలా అవుతాయి?" అని రాజుగారు తన చేతి కంకణం తీసి మాచమ్మ చేతికి తొడిగాడు. తాను గుర్రమెక్కుతానని చెప్పి, దుగ్గన్నను తీసుకురమ్మని తన పల్లకీనే కోటకు పంపాడు.

పల్లకీ తిరిగొచ్చేదాకా రాజుగారు గుట్ట దిగి చేనిగట్టు మీద కూర్చున్నాడు. ఊరివాళ్ళు కొడవళ్ళతో చేలోకి దిగారు. మధ్యాహ్నానికి పల్లకీ వచ్చి గట్టుమీద ఆగింది. దుగ్గన్న సిగ్గుపడుతూ దిగాడు.

"త్వరగా రా" అని కేకేసింది సింగి. కళ్ళు మాత్రం తుడుచుకుంటూనే ఉంది. "కోతకు పల్లకీలో వచ్చినవాడివి ఈ లోకంలో నువ్వొక్కడివే!"

తర్వాత ఆమె లేత కంకులు ఏరి, కాల్చి, నలిచి, వేడి వేడి ఊచబియ్యం మోదుగాకులో పెట్టి రాజుగారి ముందుంచింది. త్రిభువనరాయుడు గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. ఎంత బాగున్నాయో! మళ్ళీ గుప్పెడు తీసుకున్నాడు.

అవధాని పక్కనే నిలబడి ఉన్నాడు. ఉండబట్టలేక గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, తమ కరస్పర్శ తగలగానే ఈ జొన్నగింజలు..."

రాజుగారు దోసిలి నిండా ఊచబియ్యం తీసి ఆయన చేతిలో పోశాడు.

"తినండి అవధానిగారూ, తినండి. నోరు ఖాళీగా ఉంటే మళ్ళీ ఏదో ఒకటి అంటారు."

అని మాచమ్మ వంక చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. గట్టు మీద ఊచబియ్యం అయిపోయేదాకా ఆ నవ్వు ఆగలేదట.