పాత లాప్‌టాప్‌లో మూడొందల బుటాలు

అనగనగా సముద్రం పక్కన ఒక ఊరు ఉండేదమ్మా, బుజ్జితల్లీ. ఆ ఊళ్ళో కోడి కంటే ముందు మగ్గాలే లేచేవి. ఆ మగ్గాల వీధిలో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. చదివింది పదో తరగతి వరకే. కానీ ఏదైనా పని పట్టుకుందంటే దాని అంతు చూసేదాకా వదిలేది కాదు.

నూకరత్నం మామగారి పేరు గవరయ్య. చీరల మీద పువ్వులూ పిట్టలూ ఉంటాయి చూడు, వాటిని బుటాలంటారు. బుటా మగ్గం ఎక్కాలంటే ముందు గళ్ళ కాగితం మీద పుట్టాలి. ఏ గడి నిండాలో, ఏ గడి ఖాళీగా ఉండాలో అంతా గీసుకోవాలి. అలా గీయడంలో గవరయ్య అంతటివాడు ఆ చుట్టుపక్కల లేడు. గవ్వ బుటా, పీత బుటా, వానచినుకు బుటా... నలభై ఏళ్ళలో మూడొందల పన్నెండు గీశాడు. అన్నీ ఒక రేకు పెట్టెలో దాచుకున్నాడు.

ఏడేళ్ళ కిందట ఆయన చేతులకి వణుకొచ్చింది. ఆ తర్వాత ఆయన కలం పట్టలేదు. పొద్దస్తమానం ఆ పెట్టె పక్కనే కూర్చునేవాడు.

ఒక కార్తీక మాసంలో పెద్ద తుఫాను వచ్చింది. మూడు రోజులు గాలీ వానా. ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. నాలుగో రోజు వాన వెలిశాక పెట్టె మూత తీస్తే, లోపల జానెడు నీళ్ళు!

అప్పుడు నూకరత్నం ఒక్కో కాగితం నెమ్మదిగా విడదీసి, ఇల్లంతా తాళ్ళు కట్టి ఆరేసింది. కొన్నింటి మీద సిరా కరిగి మరకలైపోయింది. గవరయ్య ఒక కాగితం అందుకుని వెలుతురులో పెట్టి చూశాడు. నెమలి ఉండాల్సిన చోట ఉత్త నీలం మరక ఉంది. ఆయన అరుగు మీదికెళ్ళి కూర్చున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆరినవి కూడా నిలవలేదు. బూజు పట్టి, ముట్టుకుంటే అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి. ఇంకో నెల గడిస్తే ఏమీ మిగలదని నూకరత్నానికి తెలిసిపోయింది.

ఆ ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ ఉంది. నూకరత్నం ఆడపడుచు సరోజిని పట్నంలో టీచరు. తను కొత్తది కొనుక్కుని, ఈ పాతది వదినకిచ్చింది. దానికి ఓ మూల పగిలింది. చోటు తక్కువ, జ్ఞాపకమూ తక్కువ. తెరవాలంటే టీ తాగి రావాల్సిందే. అయినా నూకరత్నం దాన్నే నమ్ముకుంది. ఫోనులో చోటు అంతకంటే తక్కువ కాబట్టి, దాంతో ఒక్కో కాగితానికి ఫొటో తీసి, లాప్‌టాప్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది.

తొంభై కాగితాలు ఎక్కాయి. ఆ తర్వాత తెర మీద ఎర్రగా ఒక మాట వచ్చింది. ఇక చోటు లేదు!

నూకరత్నం లోపలున్నవన్నీ వెతికింది. చాలామటుకు సరోజిని పాఠాల వీడియోలే. వెంటనే ఫోను చేసింది.

"సరోజినీ, నీ పాఠాలు ఇందులోనే ఉండిపోయాయి. నిన్ను అడక్కుండా ముట్టుకోబుద్ధి కాలేదు."

"అయ్యో వదినా! అవన్నీ నా దగ్గర వేరే ఉన్నాయి. తీసి అవతల పారెయ్యి."

తీసేసింది. అయినా చోటు పెరగలేదు! ఇదేమిటా అని చూస్తే, తీసేసినవన్నీ లాప్‌టాప్‌లో ఉండే చెత్తబుట్టలో పోగుపడి ఉన్నాయి. ఇల్లు ఊడ్చి చెత్తని గుమ్మం లోపలే ఉంచుకున్నట్టుంది. ఆ బుట్ట కూడా ఖాళీ చేసింది. అప్పుడు చోటు దొరికింది. ఇంకో నూట ఇరవై కాగితాలు ఎక్కాయి.

ఆ తర్వాత రెండో కష్టం వచ్చింది. ఏ ఫొటో బాగా వచ్చిందో చూద్దామని నూకరత్నం నలభై ఫొటోలు ఒక్కసారే తెరిచింది. లాప్‌టాప్ కొయ్యబారిపోయింది. మీట నొక్కినా పలకదు, ముట్టుకుంటే అట్లపెనంలా ఉంది. చివరికి ఆపేసి మళ్ళీ తెరిస్తే, పొద్దున్నుంచీ రాసుకున్న బుటాల పేర్లన్నీ పోయాయి.

ఇంకొకరైతే విసుక్కుని మూత వేసేసేవారు. నూకరత్నం చీర కొంగు నడుముకి చుట్టి మళ్ళీ కూర్చుంది. ఈసారి ఒక్క ఫొటో తెరిచింది. హాయిగా నడిచింది. రెండు తెరిచింది, నడిచింది. అయిదోదానికి లాప్‌టాప్ ఆయాసపడింది. అప్పుడు ఆవిడకి సంగతి అర్థమైంది. దానికి దాచుకునే చోటు వేరు, పని చేసుకునే చోటు వేరు. పెట్టెలో వెయ్యి కాగితాలున్నా చాప మీద పట్టినన్నే కదా పరుచుకోగలం!

ఆ రోజునుంచీ ఒకటి మూశాకే ఇంకోటి తెరిచేది. ఎవరూ పిలవకుండా వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రాములు కొన్ని ఉంటే, ఒక్కోటీ కనిపెట్టి ఆపేసింది. ఏ నాలుగు ముక్కలు రాసినా వెంటనే భద్రం చేసుకునేది. మగ్గం మీద ఉన్న ఆవిడ మొగుడు దుర్గారావు తలెత్తి చూసి, "దాన్ని కూడా దారిలో పెట్టేశావే!" అని నవ్వాడు.

కానీ మూడో కష్టం అన్నిటికంటే పెద్దదమ్మా. ఇంకా నూరు కాగితాలు మిగిలే ఉన్నాయి, చోటు మళ్ళీ అయిపోయింది. తీసెయ్యడానికి ఇంక ఒక్కటే ఉంది. నూకరత్నం వాళ్ళమ్మ కిందటేడు చనిపోయింది. ఆవిడ పెరట్లో గోంగూర కోస్తూ, ఎవరో ఏదో అంటే పకపకా నవ్వుతున్న వీడియో అది. ఇంకెక్కడా లేదు. నూకరత్నం దాన్ని ఒక్కసారి పెట్టి చూసుకుని, తీసెయ్యబోతూ వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ నవ్వు విని గవరయ్య అరుగు మీంచి చూశాడు. లేచి గోడ పట్టుకుని లోపలికొచ్చాడు.

"వద్దమ్మా. అది తియ్యకు. నా కాగితాలు పోతే పోనీ. మనిషి నవ్వు మళ్ళీ దొరకదు."

నూకరత్నం వేలు వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత చాలాసేపు ఒక ఫొటో వంకే చూస్తూ కూర్చుంది. ఒక్క చిన్న గవ్వ బుటాకి ఇంత చోటెందుకు పడుతోంది? దగ్గరికి లాగి చూసింది. ఫొటోలో గవ్వ ఒక్కటే లేదు. కాగితం మరకలున్నాయి, చాప అల్లికుంది, గోడ నీడుంది, ఓ మూల తన బొటనవేలు కూడా ఉంది! ఇవన్నీ మోస్తోంది పాపం ఆ లాప్‌టాప్. మగ్గానికి కావాల్సింది మాత్రం రెండే రెండు ముక్కలు. ఈ గడి నిండా, ఖాళీయా?

అప్పుడు ఆవిడ లాప్‌టాప్‌లో బొమ్మలు గీసుకునే పలక తెరిచింది. నలుపూ తెలుపూ రెండే రంగులు పెట్టింది. ఒక గడికి ఒక్క చుక్క చొప్పున గవ్వ బుటా అంతా మళ్ళీ గీసింది. భద్రం చేసి ఎంత చోటు పట్టిందో చూసింది. మళ్ళీ చూసింది. నమ్మలేక దుర్గారావుని పిలిచి చూపించింది. ఒక్క ఫొటో పట్టే చోటులో ఇలాంటివి వందలకి వందలు పడతాయి!

ఇంక చూసుకో! ఒక బుటా గీయడం, కాగితంతో సరిచూసుకోవడం, దాని ఫొటో తీసెయ్యడం, ఆ ఖాళీలో ఇంకో కాగితం ఫొటో ఎక్కించడం. ఎక్కువగా పాడైనవి ముందు, గట్టిగా ఉన్నవి తర్వాత.

కానీ సిరా కరిగిపోయిన చోట ఏం గీస్తుంది? మరక పడిన కాగితాలు పట్టుకుని మామగారి దగ్గర కూర్చుంది.

"మావయ్యగారూ, ఈ నెమలి ఉన్న చోట మరక తప్ప ఏమీ కనబడట్లేదు. మీరు చెప్పండి, నేను గీస్తాను."

"నాకేం గుర్తుంటుందమ్మా! చూపు కూడా సరిగా ఆనట్లేదు."

"చూడక్కర్లేదు. మీరు గీసిన నెమలేగా?"

గవరయ్య కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి పెదవులు కదిలాయి. "నాలుగు ఖాళీ... రెండు నిండు... ఒకటి ఖాళీ... అయిదు నిండు." నూకరత్నం చుక్కలు పెడుతూ పోయింది. వరస మీద వరస, వరస మీద వరస. చివరి వరస పూర్తయ్యేసరికి తెర మీద నెమలి మెడ తిప్పి చూస్తోంది. ఆయనకి చూపించడానికి దాన్ని తెర నిండా పెద్దది చేసింది. గవరయ్య ముక్కు ఆనేంత దగ్గరికొచ్చి చూసి, "కాలి దగ్గర ఒక గడి ఎక్కువ పెట్టావు," అన్నాడు. నిజమే, ఎక్కువే పెట్టింది.

అలా కార్తీకం వెళ్ళింది, మార్గశిరం వెళ్ళింది. పొద్దున్నే వంట ముగించుకుని ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఆయన చెప్పేవాడు, ఆవిడ గీసేది. వీధిలో వాళ్ళు ఆ మాటలు విని ఆగిపోయేవాళ్ళు. ఏడేళ్ళుగా గవరయ్య నోట అన్ని మాటలు వాళ్ళు వినలేదు మరి!

అన్నీ దక్కలేదమ్మా. తొమ్మిది కాగితాలు పూర్తిగా తెల్లగా అయిపోయాయి. ఎంత కళ్ళు మూసుకున్నా గవరయ్యకి అవి రాలేదు. ఆ రోజు ఆయన బాధపడ్డాడు. నూకరత్నం ఆయన్ని తొందరపెట్టలేదు, మభ్యపెట్టలేదు. "మూడొందల మూడు దక్కాయి మావయ్యగారూ," అంది అంతే.

ఆ మూడొందల మూడూ కలిపినా ఒక్క ఫొటో అంత లేవు. అన్నిటినీ ఒక్క మెయిల్లో సరోజినికి పంపించింది. ఇంకెప్పుడు వాన పడ్డా రెండు ఊళ్ళలో ఉంటాయని. సరోజిని ఫోను చేసి, "వదినా, ఆ డొక్కు లాప్‌టాప్‌లో నాకు పది పాఠాలు పట్టేవి కావు. నాన్న జీవితమంతా ఎలా పట్టించావే!" అని ఏడ్చేసింది.

ఆ తర్వాత రోజు పొద్దున్న నూకరత్నం లాప్‌టాప్ మూసి, పెరట్లోకి వెళ్ళబోతోంది. గవరయ్య పిలిచాడు.

"అమ్మా రత్నం, అందులో చోటు ఇంకా ఏమైనా ఉందా?"

"బోలెడంత ఉంది మావయ్యగారూ."

"అయితే కూర్చో. రాసుకో. ఆరు ఖాళీ, ఒకటి నిండు..."

నూకరత్నం గబగబా తెరిచింది. ఇది ఏ కాగితంలోది? ఎంత తలుచుకున్నా తెలియలేదు. వరస మీద వరస గీస్తూ పోయింది. సన్నటి కాళ్ళు వచ్చాయి. పొడుగాటి ముక్కు వచ్చింది. దాని ముందు ఒక అల వచ్చింది. అలకి ఎదురు పరిగెడుతున్న ఉల్లంకి పిట్ట!

"మావయ్యగారూ, ఇది పెట్టెలో లేదే!"

"లేదు," అన్నాడు గవరయ్య. "ఇప్పుడే పుట్టింది. ఆపకు, ఇంకా రెక్క మిగిలింది."

కథ నడిచెళ్ళింది కంచికి,
మనం చేరాం ఇంటికి,
కునుకొచ్చింది మా బుజ్జితల్లి కంటికి.