మోకు పట్టిన చేతులు

అడగ్గానే జవాబు చెప్పడం కేశవరాజు మాస్టారికి అలవాటు లేదు. ఊళ్ళో మిగతావాళ్ళు అడక్కుండానే చెబుతారు కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే చెంచురామయ్య, పెళ్ళయి పిల్లలు పుట్టినా సర్కారు ఉద్యోగాల పరీక్షలు మాననివాడు, ఒకనాటి ఉదయం అడిగాడు: "ఎవ్రీవన్ అంటే అందరూ కదండీ. అంతమందిని పెట్టుకొని, ఒక్కడికి చెప్పినట్టు 'ఈజ్' అంటారేమండీ? 'ఆర్' అనాలి కదా?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకొని, "చూద్దాం" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఊరి మంచినీళ్ళ బావిలో పూడిక తీశారు. లోపలికి పోలయ్య దిగాడు. గిలక మీదుగా వేసిన మోకును ముందు అతని తమ్ముడు అంకయ్య పట్టుకున్నాడు. ఫొటో తీస్తున్నారని తెలిసి పెద్దమనుషులు కూడా వెనక వరుసగా నిలబడ్డారు. సర్పంచి ఇస్త్రీ చొక్కా నలగకుండా పట్టుకున్నాడు. కొట్టు రత్తయ్య ఒక చేత్తో మోకు, ఇంకో చేత్తో ఫోను పట్టుకున్నాడు. అందరికంటే వెనక చెంచురామయ్య. ముందు ఇంతమంది లాగుతుంటే తన బలం ఎందుకులే అనుకొని, వేళ్ళు ఆనించి ఊరుకున్నాడు. పోలయ్య సగం పైకి వచ్చాక మోకు జారింది. కింద అంతా రాయి.

మంచం మీద పడుకోబెట్టేసరికే ప్రాణం పోయింది. భార్య గురవమ్మ ఏడవలేదు. "ఎవురు వదిలేశారయ్యా?" అని అడిగింది.

"వదలడమేంటమ్మా," అన్నాడు సర్పంచి. "అందరం పట్టుకునే ఉన్నాం."

అందరూ తలూపారు. ఎన్నికలప్పుడు కూడా ఊళ్ళో అంత ఐకమత్యం కనిపించలేదు. చెంచురామయ్య కూడా ఊపాడు.

కబురు విని వచ్చిన మాస్టారు ఇంటికి వెళ్ళి వెన్న గిన్నె తెచ్చారు. "జారే మోకును పట్టుకుంటే అరచేతులు కాలిపోతాయి. పట్టుకున్నవాళ్ళు రండి, రాస్తాను."

అంకయ్య ఒక్కడే వచ్చాడు. అతని అరచేతుల చర్మం మోకుకే ఉండిపోయింది. సర్పంచి చేతులు కట్టుకున్నాడు. రత్తయ్యకు ఫోను వచ్చింది; మోగడం మాత్రం ఎవరికీ వినపడలేదు.

గురవమ్మ లేచింది. సర్పంచి ముందు ఆగి, "చేతులు చూపియ్యయ్యా" అంది. చూసింది. పక్క మనిషి దగ్గరికి జరిగింది.

చెంచురామయ్య చేతులు వెనక్కి పెట్టుకొని మాస్టారి పక్కకు చేరాడు. "ఈ పూట పాఠం ఉండదేమో కదండీ, నేను ఇంటికి పోతాను" అని గొణిగాడు.

మాస్టారు అంకయ్యకు వెన్న రాస్తూ, తలెత్తకుండా అన్నారు:

"పొద్దున నువ్వడిగిన పాఠమే జరుగుతోంది నాయనా. అందరినీ అడిగితే జవాబు రాలేదు, గురవమ్మ ఒక్కొక్కరినీ అడుగుతోంది. నీ దగ్గరికే వస్తోంది, చేతులు ముందుకు పెట్టు."