నిద్రకి పిలుపు

1974 నవంబరు 18, సోమవారం. రెండు రోజుల వాన ఆ ఉదయమే వెలిసింది. ఈశాన్యపు గాలి మాత్రం ఇంకా చలిగానే ఉంది. తేదీ ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. నా బి.ఏ. పట్టా ఆ రోజే పోస్టులో వచ్చింది, ఒక మూల తడిసి సిరా చెదిరిపోయి. సరే, చెప్పవలసింది అది కాదు.

పరాంకుశంగారు అరుగు మీద మాకు గీత చెప్పేవారు. శ్లోకానికీ శ్లోకానికీ మధ్య పొడుం పట్టేవారు. ఆ రోజు అలాంటి విరామంలోనే, మాతోపాటు పాఠం వినే గవర్రాజు ఒక సందేహం అడిగాడు. అతని పక్కింటి సూరాంబగారు భర్త లేని మనిషి. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు గోపాళం నెల కిందట తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఎందుకో ఎవరికీ తెలియలేదు. అప్పటినుంచీ ఆవిడ సరిగా తినడం లేదట, పడుకోవడం లేదట. నా బిడ్డకి గతి ఉంటుందా నాయనా అని గవర్రాజును రోజూ అడుగుతోందట.

"ఏం చెప్పమంటారు గురువుగారూ?"

శాస్త్రం విప్పుతారనుకున్నాం. ఆయన, "ఆవిణ్ణి నిద్రకి ఎవరైనా పిలిచారా?" అన్నారు.

మా వైపు ఇంట్లో మనిషి పోతే, కర్మలు ముగిశాక మిగిలినవాళ్లని చుట్టాలు తమ ఇంటికి తీసుకెళ్లి, అన్నం పెట్టి, ఒక రాత్రి పడుకోబెట్టి పంపుతారు. దాన్నే నిద్ర అంటారు.

"అలాంటి చావుకి ఎవరు పిలుస్తారండీ?" అన్నాడు గవర్రాజు.

గురువుగారు పాఠం ఆపి కండువా వేసుకుని బయలుదేరారు. మేమూ వెనకే నడిచాం. సూరాంబగారు గుమ్మం దిగలేదు. మా ఇంటి పీడ మీకెందుకు బాబూ అంది.

"పీడ సంగతి నాకు తెలీదమ్మా. నా గురకకి నువ్వు తట్టుకుంటావా అన్నదే నా భయం," అన్నారాయన.

ఆ సాయంత్రం ఆవిడ వచ్చింది. గురువుగారి భార్య ఆండాళ్ళమ్మగారు వడ్డిస్తూ, మీ గోపాళానికి ఏ కూర ఇష్టం అని మామూలుగా అడిగారు. నెల రోజులుగా ఆ పేరు ఆవిడ ముందు ఎవరూ పలకలేదు. సూరాంబగారు కలిపిన ముద్దని మళ్లీ విస్తట్లో పెట్టింది.

"కంద బచ్చలి. ఆవ ఘాటు చాలలేదని నన్ను ఏడిపించుకు తినేవాడు, వెధవ," అంది. నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. ఆండాళ్ళమ్మగారు ఓదార్చలేదు, ఆవాలు ఎంతసేపు నానబెడతావని అడిగారు. ఆవిడ చెప్పింది. చెబుతూ చెబుతూ ఆ ముద్ద తిన్నది. ఆ రాత్రి పడుకుంది.

మర్నాటికే కుదుటపడిందని నేను చెప్పను. ఏడుపు పోలేదు. కాని వాడి పేరు చెప్పుకుని ఏడ్చేది, లేచి వండుకునేది. ఆ తర్వాత ఊళ్లో మరో ఇంట అలాంటి చావు జరిగితే, ఆ తల్లిదండ్రులను నిద్రకి మొదట పిలిచింది సూరాంబగారే.

ఏడాది తిరిగాక కొడుకు వస్తువులు పంచింది. సైకిలు తమ్ముడి కొడుక్కి, చొక్కాలు పడవ నడిపే సత్తెయ్యకి, రేడియో ఆండాళ్ళమ్మగారికి. గవర్రాజుకి ఏమీ రాలేదు. పక్కింటివాణ్ణయి ఉండీ నాకేమీ దక్కలేదు, కనీసం నేనడిగినదానికి మీ దగ్గర జవాబైనా దక్కలేదని అతను గురువుగారి దగ్గర నొచ్చుకున్నాడు.

గోపాళం పోయాక గవర్రాజు ఆ ఇంట్లో మంచినీళ్లయినా ముట్టలేదని గురువుగారికి తెలుసు.

"ఆవిడింట్లో ఒక పూట భోంచేసి రా. అప్పుడడుగు," అన్నారు.