మూడు పొలిమేరలు కలిసేచోట

"పక్కూరి మనసే మనకి తెలియనప్పుడు, ఎప్పటిదో పాత మ్యాపుకి మనుషుల సంగతి ఏం తెలుస్తుంది మాస్టారూ?" అని పైడితల్లి విసురుగా అడిగింది. సర్వే పని నేర్పే కామేశ్వరం మాస్టారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. మ్యాపు చుట్ట చంకన పెట్టుకుని, "పద, మీ కొండకే వెళ్దాం" అన్నారు.

పైడితల్లి కోపానికి కారణముంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు, ఆ రోడ్డు పక్కన మూడూళ్ళకీ కలిపి జరిగే వారపు సంత ఆగిపోయింది. మళ్ళీ పెడితే మా ఊళ్ళోనే అని పైడితల్లి వాళ్ళ వెదుళ్ళవలస, కాదు మా ఊళ్ళోనని రెల్లిగూడ, మేమేం తీసిపోయామని బోడిమెట్ట. పెద్దలకేం, పంతం నెగ్గితే చాలు. కుళ్ళేది ఆడవాళ్ళ బుట్టల్లో చిక్కుళ్ళూ టమాటాలూ. దళారి ఇచ్చినంత పుచ్చుకుని విసిగిపోయిన పైడితల్లి తల్లి గౌరమ్మ, ఇక సాగు మానేస్తానని తేల్చి చెప్పేసింది.

కొండ గట్టు మీద మాస్టారు మ్యాపు పరిచారు. మూడూళ్ళ నుంచీ మూడు కాలిబాటలు చుక్కల గీతలుగా వచ్చి, ఇల్లూ బావీ ఏమీ లేని ఒక మెరక మీద కలిశాయి.

"గీసినవాళ్ళు పొరబడ్డారండి. అక్కడేమీ లేదు."

"మరి మూడూళ్ళవాళ్ళూ పనిలేకే నడిచారంటావా?"

వెళ్ళి చూస్తే ముళ్ళపొదల్లో ఒక సరిహద్దు రాయి కనిపించింది. మూడు పొలిమేరలూ కలిసేది అక్కడే. పైడితల్లి ఆ రాయి చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత ఒక్క పరుగున ఇంటికి పోయి, ఈ వారం ఆ రాయి దగ్గరే బుట్ట పెట్టమని తల్లిని తొందరపెట్టింది.

"పెద్దోళ్ళు ఒప్పుకోవాల గదే!" అంది గౌరమ్మ.

"ఎవులూరూ కాని సోటికి ఏ ఊరి పెద్ద ఒప్పుకోవాలే అమ్మా?"

ఆ గురువారం పొద్దున్నే గౌరమ్మ ఒక్కతే రాయి పక్కన బుట్ట దించింది. కాసేపటికి పైడితల్లి కబురందుకున్న రెల్లిగూడ ఆడవాళ్ళు వచ్చారు, వాళ్ళని చూసి బోడిమెట్టవాళ్ళు. మధ్యాహ్నానికి మెరకంతా జనం. బేరగాళ్ళు మోటారు సైకిళ్ళేసుకుని ఎగబడ్డారు. ఆఖర్న పెద్దలు కూడా సంచులు పట్టుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి బేరాలాడారు. దళారి వచ్చి "ఎంతకిస్తావు?" అని గౌరమ్మని అడిగాడు. అతను ఆమెని ధర అడగడం అదే మొదలు. పైడితల్లికి ఆనందం పట్టలేక కళ్ళనీళ్ళొచ్చాయి.

"ఇక్కడ పూర్వం సంత జరిగేదని మ్యాపులో ఎక్కడా లేదు కదండీ, మీకెలా తెలిసింది?" అని సంతకొచ్చిన మాస్టారిని అడిగింది.

మాస్టారు చిక్కుళ్ళు ఏరుకుంటూ, "సంత సంగతి నాకూ తెలీదమ్మా" అన్నారు. "బాటలు మూడూ ఎవరి ఊరూ కాని చోట కలవడం చూస్తే, అప్పుడు కూడా ఈ మూడూళ్ళకీ పడేది కాదేమో అనిపించింది, అంతే."