కన్నతల్లి దగ్గర పనిపిల్ల

ఫిలిప్పీన్స్ దేశంలో, లేతే దీవిలోని బలానోయ్ అనే రేవు ఊళ్లో లూమెన్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయి ఉండేది. తనకన్నా ఎవరు ఒక్క మెట్టు పైన కనిపించినా ఆమెకు ఆ పూట అన్నం సహించేది కాదు.

లూమెన్ తండ్రి ఆమె పసితనంలోనే తుఫానులో పడవ మునిగి చనిపోయాడు. తల్లి పాసింగ్ ఒక్కతే పెంచింది. బెణికిన కాళ్లు, తప్పిన కీళ్లు, పట్టేసిన నడుములు పాసింగ్ చేతుల్లో సర్దుకునేవి. అలాంటి వైద్యం చేసేవాళ్లను అక్కడ హిలోత్ అంటారు. వాళ్లుండే జాలరిపేటలో ఎవరికి దెబ్బ తగిలినా ఆమె దగ్గరికే వచ్చేవారు. వెళ్తూ వెళ్తూ నాలుగు చేపలో, రెండు కొబ్బరికాయలో గుమ్మంలో పెట్టి వెళ్లేవారు. ఆ ఇంట్లో ఎప్పుడూ కాగిన కొబ్బరినూనె, అల్లం కలిసిన వాసన ఉండేది.

లూమెన్‌కు ఆ వాసనంటే అసహ్యం. బడి ఊరి నడిబొడ్డున ఉండేది. జాలరిపేట నుంచి అంత దూరం వచ్చే పిల్లలు ఇంకెవరూ లేరు. అక్కడి పిల్లల తల్లులు టీచర్లు, గుమస్తాలు, కొట్టు యజమానులు. "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని ఎవరో అడిగినప్పుడు లూమెన్ "నర్సు" అంది. ఒకసారి అన్నాక ఇక అదే చెప్పుకుంటూ వచ్చింది. ఎవరినీ ఇంటికి పిలిచేది కాదు.

అయితే బడిలో ఆమెకు ఒక గొప్ప ఉండేది. ఆ దీవిలో తినిక్లింగ్ అని ఒక నాట్యం ఉంది. ఇద్దరు రెండు పొడుగాటి వెదురు గడల కొసలు పట్టుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. గడల్ని రెండుసార్లు నేలకేసి కొట్టి, మూడోసారి ఒకదానితో ఒకటి కొడతారు. నాట్యం చేసేవాళ్లు వాటి మధ్యకు అడుగు వేసి, అవి మూసుకునేలోగా తీసేయాలి. లూమెన్ కాళ్లు గాలిలో తేలినట్టు ఆడేవి. రెండేళ్లుగా ఊరి పండగకు ముందు నిలబడి ఆడేది ఆమే.

ఆ సంవత్సరం సెబు నగరం నుంచి ఎస్తేలా అనే అమ్మాయి వచ్చి బడిలో చేరింది. ఎస్తేలా తండ్రి ఊళ్లో మందుల షాపు పెట్టాడు. ఎస్తేలా బాగా చదివేది, పాడేది, అందరితో నవ్వుతూ మాట్లాడేది. పైగా తినిక్లింగ్ ఆడేది. మొదటి రోజు ఆమె ఆట చూసి పిల్లలంతా చప్పట్లు కొట్టారు. లూమెన్ మాత్రం ఆమె అడుగుల్లో తప్పు వెతికింది. ఎంత వెతికినా దొరకలేదు.

పండగ రెండు వారాలుందనగా నాట్యం నేర్పే సాలుద్ మేడమ్ పేర్లు చదివింది. ముందు ఆడేది ఎస్తేలా. గడ పట్టేది లూమెన్.

"నీకు తాళం తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, లూమెన్. గడ పట్టేవాళ్లు సరిగ్గా ఉంటేనే ఆడేవాళ్లకు ధైర్యం" అంది మేడమ్.

ఆ మాటలో మెప్పు ఉంది. లూమెన్‌కు మాత్రం తనను పక్కకు నెట్టి, పైనుంచి బుజ్జగించినట్టు వినిపించింది. ఆ రోజు నుంచీ మోకాళ్ల మీద కూర్చుని గడ కొడుతూ, తన చోట వేరే అమ్మాయి ఆడుతుంటే చూడవలసి వచ్చింది. ఎస్తేలా పాదాలు కళ్ల ముందే లేచేవి, దిగేవి. ప్రతి అడుగూ గుండెల మీద పడినట్టే ఉండేది.

ఎస్తేలాకు ఇదేమీ తెలియదు. ఒకరోజు నీళ్లు తాగుతూ లూమెన్ పక్కన కూర్చుంది.

"మీ అమ్మగారు నర్సట కదా. మా నాన్న ఆసుపత్రికి మందులు పంపిస్తాడు. ఆవిడ పేరేంటి? నాన్నకు తెలిసే ఉంటుంది" అంది.

"మా అమ్మ ఆ ఆసుపత్రిలో చెయ్యదు" అని లూమెన్ లేచిపోయింది. అంతవరకూ ఈర్ష్య ఒక్కటే ఉండేది. ఆ రోజు దానికి భయం కూడా తోడైంది.

పండగ వారంలో సోమవారం సాయంత్రం సాధన జరుగుతోంది. తాళం వేగం పెరిగింది. ఎస్తేలా నవ్వుతూ గడల మధ్యకు కాలు వేసింది. లూమెన్ తన కొసను అరక్షణం ముందుగా మూసేసింది. చేతులు వాటంతట అవే కదిలాయని తర్వాత తనకు తాను చెప్పుకుంది. అది నిజం కాదు.

ఎస్తేలా మడమ గడల మధ్య నలిగింది. ఆమె పక్కకు పడిపోయింది. అవతలి కొసన కూర్చున్న పిల్లకు ఏదో తేడా తెలిసింది గాని, తన చేతే వెనకబడిందేమోనని భయపడి నోరు మెదపలేదు. అందరూ చుట్టూ మూగారు.

"నాదే తప్పు. అడుగు ఆలస్యంగా తీశాను" అంది ఎస్తేలా పళ్లు బిగబట్టుకుని.

లూమెన్ గడలు ఏరి గోడకు చేర్చింది. సాలుద్ మేడమ్ కాలు చూసి నిట్టూర్చింది. "పండగకు నువ్వే ఆడాల్సి వచ్చేలా ఉంది, లూమెన్" అంది.

లూమెన్ ఇంటికి వెళ్తూ సంతోషపడాలని చూసింది. కోరుకున్నది చేతికి వచ్చింది. అయినా దారంతా ఆ పడిపోయిన చప్పుడే చెవుల్లో ఉంది.

ఇంటికి చేరి పొయ్యి ముట్టించిందో లేదో, గుమ్మం ముందు ఒక బండి ఆగింది. ఎస్తేలా తండ్రి కూతుర్ని చేతుల మీద ఎత్తుకుని లోపలికి వచ్చాడు. పెద్దాసుపత్రికి వెళ్లాలంటే లాంచీ ఎక్కాలి. గాలి ఎక్కువగా ఉండి ఆ రోజు లాంచీ కదల్లేదు. ఎవరో పాసింగ్ పేరు చెబితే వెతుక్కుంటూ వచ్చాడు.

"కాస్త చూడండమ్మా. షాపులో ఉన్న మందులన్నీ పూశాను. వాపు పెరుగుతోందే గాని తగ్గడం లేదు" అన్నాడు.

పాసింగ్ చాప పరిచింది. ఎస్తేలా కూర్చుని తలెత్తి చూసింది. పొయ్యి దగ్గర నూనె గిన్నె పట్టుకుని లూమెన్ నిలబడి ఉంది.

"లూమెన్, నువ్విక్కడున్నావేంటి?" అంది ఎస్తేలా.

లూమెన్ గిన్నెలోకి చూసింది. "నేను ఈవిడ దగ్గర పనిచేస్తాను. బడి అయ్యాక సాయానికి వస్తాను" అంది.

పాసింగ్ చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. ఆమె కూతురి వైపు చూడలేదు.

"అవునమ్మా, ఈ పిల్ల నాకు సాయం చేస్తుంది" అని, మళ్లీ కాలు తడమడం మొదలుపెట్టింది.

వేళ్లతో నెమ్మదిగా ఎముక వెంట వెళ్లింది. "ఎముక విరగలేదు. నరం పక్కకు జరిగింది" అంది. తర్వాత కాస్త ఆగి, "నీ అడుగు ఆలస్యమై ఉంటే, మడమ ముందే లేచిపోతుంది కాబట్టి, వేళ్ల దగ్గర నలగాలి. ఇది మడమ దగ్గర నలిగింది. కాలింకా లోపలికి దిగుతుండగానే గడ మూసుకుంది. ఎవరు పట్టారు గడ?" అని అడిగింది.

"ఎవరైతేనేం తియా, తప్పు నాదే అయ్యుంటుంది" అంది ఎస్తేలా. తమకన్నా పెద్ద ఆడవాళ్లను అక్కడి పిల్లలు తియా అని పిలుస్తారు, మనం పిన్నీ అన్నట్టు.

లూమెన్ చేతిలోని గిన్నెలోంచి నూనె చాప మీద ఒలికింది. పాసింగ్ అది చూసింది.

"మడమ కదలకుండా పట్టుకో" అని కూతురికి చెప్పింది. లూమెన్ పట్టుకుంది. పాసింగ్ నరాన్ని సర్దుతుంటే ఎస్తేలా అరవకుండా లూమెన్ భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ఆ నొప్పి చర్మం కింద ఎలా ఎగిరెగిరి పడుతోందో లూమెన్ అరచేతికి తెలిసింది. తాను చేసిన పని తన చేతుల్లోనే కొట్టుకుంటోంది.

నొప్పి సర్దుకున్నాక ఎస్తేలా కళ్లు తుడుచుకుని గాలి పీల్చింది. "ఈ నూనె వాసన ఎన్నాళ్లకు తగిలింది. మా అమ్మమ్మ కూడా హిలోతే తియా. సెబులో మా వీధి పేరు అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. అమ్మమ్మ పేరు చెబితే ఇంటి దాకా తీసుకొచ్చేవారు. మా అమ్మ పోయాక ఆవిడే నన్ను పెంచింది. ఆవిడా పోయింది" అంది.

లూమెన్ ఆశ్చర్యంగా చూసింది. తాను ఏళ్ల తరబడి దాచిన మాటను ఈ అమ్మాయి గొప్పగా చెప్పుకుంటోంది.

వాళ్లు వెళ్లాక లూమెన్ చాప చుట్టి పెట్టింది. పాసింగ్ అన్నం వడ్డించింది.

"ఇవాళ నీ కోసం ఒక అబద్ధం ఆడాను. ఇంకోసారి ఆడించకు" అని మాత్రం అంది.

మంగళవారం సాయంత్రం ఎస్తేలా మళ్లీ వచ్చింది. పాసింగ్ కాలు పట్టింది, అల్లం కషాయం ఇచ్చింది, చెదిరిన జుట్టు దువ్వి జడ వేసింది. నొప్పి ఎక్కడుందో వేలితో ఎలా కనిపెట్టాలో ఎస్తేలా అడిగి అడిగి నేర్చుకుంది. ఇద్దరూ నవ్వుకున్నారు. లూమెన్ మూల కూర్చుని అల్లం దంచింది. తన తల్లి అలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. తల్లి నేర్పబోయిన ప్రతిసారీ తాను ముఖం తిప్పుకున్న సంగతి మాత్రం గుర్తొచ్చింది.

చీకటి పడబోతుండగా ఎస్తేలా అంది: "లూమెన్, నువ్వింకా ఇంటికి వెళ్లలేదే. మీ అమ్మగారు ఎదురు చూడరూ?"

పనిపిల్లనని చెప్పాక ఇక ఏం చేస్తుంది. లూమెన్ లేచి, పాసింగ్‌కు వెళ్లొస్తానని చెప్పి బయటికి నడిచింది. ఒడ్డున బోర్లించిన పడవల వెనక నిలబడింది. తన ఇంట్లో దీపం వెలిగింది. తన చాప మీద వేరే పిల్ల కూర్చుని తన తల్లి చేతి కషాయం తాగుతోంది. అంతవరకూ ఎస్తేలా ఆటను చూసి, మార్కుల్ని చూసి కుళ్లుకుంది. ఇప్పుడు పుట్టిన కుళ్లు ముందు అవన్నీ ఎంత? ఆ అమ్మాయి తన దగ్గర్నుంచి ఏమీ లాక్కోలేదు. తానే కాదనుకున్నదాన్ని ఆ అమ్మాయి ప్రేమగా అందుకుంది. ఆ సంగతి తెలిసేకొద్దీ లూమెన్‌కు ఇంకా మండింది. ఆ మంట ఎవరి మీద చూపాలో తెలియలేదు.

బుధవారం కూడా అంతే. లూమెన్ వెళ్తున్నానని బయటికి వచ్చింది. ఈసారి పడవల దాకా పోలేక గోడ పక్కనే ఆగింది. లోపలి మాటలు వినిపించాయి.

"మీకు పిల్లలు లేరా తియా?" అని ఎస్తేలా అడుగుతోంది.

కషాయం గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత పాసింగ్ గొంతు మెల్లగా వచ్చింది.

"ఒక కూతురుంది. దానికి సిగ్గెక్కువ. నలుగురిలోకి రాదు."

తల్లి తనను తిట్టి ఉంటే లూమెన్ ఓర్చుకునేది. ఆమె మాత్రం కూతురి పరువు కాపాడటానికి మాటలు వెతుక్కుంటోంది.

లూమెన్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నానాయ్" అంది. నానాయ్ అంటే వాళ్ల మాటలో అమ్మ.

ఎస్తేలా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఈవిడే మా అమ్మ. నర్సు కాదు, హిలోత్. నేను బడిలో అందరికీ అబద్ధం చెప్పాను. ఇంకోటి కూడా ఉంది. గడ నేనే ముందుగా మూశాను. కావాలనే" అంది లూమెన్.

ఎస్తేలా పాదాన్ని మెల్లగా వెనక్కి లాక్కుంది. ఆ చిన్న కదలిక లూమెన్‌కు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"సోమవారం నీ భుజం పట్టుకుని ఏడుపు ఆపుకున్నాను" అంది ఎస్తేలా. తండ్రి బండి వచ్చేవరకూ గోడ వైపు తిరిగి కూర్చుంది.

మరునాడు లూమెన్ సాలుద్ మేడమ్ దగ్గరికి తనే వెళ్లి అంతా చెప్పింది. మేడమ్ పేర్ల కాగితం తీసి, ముందు ఆడే చోట ఆమె పేరు కొట్టేసి వేరే అమ్మాయి పేరు రాసింది.

"నువ్వు ఆడొద్దు. గడ కూడా పట్టొద్దు. ఇక నీ చేతికి గడ ఇస్తే ఎవరు ధైర్యంగా కాలు వేస్తారు?" అంది.

లూమెన్ తల వంచుకుని సరేనంది. సంగతి ఆ పూటే బడంతా పాకింది. కొందరు నవ్వారు, కొందరు మాట్లాడటం మానేశారు. అయినా ఆ సాయంత్రం ఆమెకు చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

శనివారం పండగ. పాసింగ్ ఇంట్లోనే ఉండిపోతానంది. బడివాళ్ల ముందుకు ఆమె ఎన్నడూ వెళ్లలేదు. కూతురు ఎన్నడూ రమ్మనలేదు.

"రా నానాయ్. నేను ఆడటం లేదు. నీతో కూర్చుని చూస్తాను" అంది లూమెన్.

ఇద్దరూ మైదానానికి వచ్చారు. బడి పిల్లల తల్లిదండ్రులు ముందు వరసల్లో కూర్చున్నారు. లూమెన్ తల్లి చెయ్యి పట్టుకుని వాళ్ల మధ్య నుంచి నడిచింది. ఆమె తరగతి పిల్లలు తలతిప్పి చూశారు. లూమెన్ ముఖం కందిపోయింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"మా నానాయ్. పేరు పాసింగ్. జాలరిపేటలో హిలోత్" అని ఎదురొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. మొదటిసారి నేల చూస్తూ చెప్పింది. రెండోసారి తలెత్తి చెప్పింది. మూడోసారి ఒక ముసలాయన "పోయినేడు నా నడుము నిలబెట్టింది ఈవిడే" అంటూ లేచి దండం పెట్టాడు.

ఎస్తేలా కాలికి కట్టుతో ముందు బల్ల మీద కూర్చుని ఉంది. పాసింగ్‌ను చూసి జరిగి చోటిచ్చింది. లూమెన్‌తో మాట్లాడలేదు. వాళ్లిద్దరి మధ్య మాటలు కలవడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. ఆ లోగా లూమెన్ రోజూ సాయంత్రం తల్లి పక్కన కూర్చుని ఆమె విద్య నేర్చుకుంది.

మనవాళ్లను మనవాళ్లని చెప్పుకోవడానికి సిగ్గుపడితే, చివరికి మన ఇంట్లో ఉన్నదాన్ని చూసి కూడా మనమే ఈర్ష్యపడవలసి వస్తుంది.